పడిపోయే మాస్టారు

మా మాస్టారికి ఉన్నది ఒకే ఒక్క అలవాటు. పడిపోవడం.

కాలు జారి కాదు, కళ్లు తిరిగీ కాదు. పనిగట్టుకుని, చోటు చూసుకుని మరీ పడిపోతారు. ముందు కళ్లజోడు తీసి, మడిచి, ఎవరూ తొక్కని చోట పెడతారు. ఆ తర్వాత తొంభై ఆరు కిలోల మనిషి లారీలోంచి బస్తా దింపినట్టు ధభీమని నేల మీదికి దిగుతారు. కళ్లు మూసుకుంటారు. రేడియోలో వార్తలు చదివినంత స్పష్టంగా ప్రకటిస్తారు:

"ఎడమకాలు. మోకాలి కింద విరిగింది. రక్తం కొంచెం. వయసు పదకొండు. అమ్మ కావాలని ఏడుస్తున్నాను."

ఆ పదకొండేళ్ల పిల్లాడికి నెరిసిన మీసాలు, నున్నటి బట్టతల, ముప్పై ఏళ్లు శ్రద్ధగా పెంచిన బొజ్జ. అయినా అక్కడున్న మా సిబ్బందిలో ఎవరికీ నవ్వే హక్కు లేదు. చేతిలో పని వదిలేసి ఆ పిల్లాణ్ని కాపాడాలి. కట్టు కట్టాలి. స్ట్రెచర్ మీద మోయాలి. అప్పటిదాకా ఆయన లేవరు. వాన పడినా లేవరు. ఒకసారి చీమల పుట్ట పక్కన పడి, మా సిబ్బందిలో తాళ్లక్క వచ్చేదాకా పావుగంట సేపు చీమలకి వదిలేసిన ఆస్తిలా పడున్నారు.

ఇదంతా ఎందుకంటే మాది పిల్లల క్యాంపు. కొండ కింద, వాగు పక్కన, చెట్ల మధ్య. బళ్ల నుంచి పిల్లలు బస్సుల్లో వచ్చి వారం రోజులు ఉండేవాళ్లు. గుడారం వేయడం, తాడు పట్టుకుని రాయి ఎక్కడం, వాగు దాటడం, దిక్కులు పట్టుకోవడం నేర్చుకునేవాళ్లు. కొండ మీద పిల్లాడు ఎప్పుడైనా పడొచ్చు. "ప్రమాదం ముందుగా కబురంపి వస్తుందా? అందుకే నేనూ కబురంపను" అనేవారు మాస్టారు. క్యాంపు పెట్టింది ఆయనే. పంతొమ్మిదేళ్లుగా పడుతున్నదీ ఆయనే.

క్యాంపులో పడితే సరే. బయట కూడా పడేవారు. ఒకసారి బ్యాంకులో, కౌంటరు ముందు, కళ్లజోడు తీశారు. పక్కనున్న తాళ్లక్క "వద్దు మాస్టారూ, ఇక్కడ వద్దు" అనేలోపే దిగిపోయారు. కాపలావాడు అలారం నొక్కాడు. క్యూలో ఉన్నవాళ్లందరూ చేతులు పైకెత్తారు. తాళ్లక్క మాత్రం కౌంటరుకి కట్టిన పెన్ను దారం తెంపి, రెండు చెక్కుపుస్తకాలు బద్దల్లా పెట్టి, ఆయన ముంజేతికి కట్టేసింది. తాళ్లక్క అంటే మా దగ్గర రాళ్లెక్కడం నేర్పే ఆవిడ. ఆవిడ పెళ్లిలో తీసిన గ్రూపు ఫోటో ఇప్పటికీ వాళ్ల గోడ మీద ఉంది. అందులో అందరూ కెమెరా వైపు చూస్తుంటారు, పెళ్లికూతురొక్కతే పెళ్లిబట్టల్లో మోకాళ్ల మీద కూర్చుని ఎవరి చీలమండకో కట్టు కడుతుంటుంది. పెళ్లికొడుకు ఇదంతా ఆడపెళ్లివారి ఆచారమేమో అనుకుని ఊరుకున్నాడట.

మాస్టారి శాస్త్రంలో సూత్రాలు ఐదే. పరుగెత్తకు. ఊపిరుందా చూడు. రక్తం ఎక్కడ పోతోందో చూసి ఆపు. సంచిలో ఏముందో చూడు, లేనిదాని కోసం ఏడవకు. చివరిది, రోగితో మాట్లాడుతూనే ఉండు. ఈ ఐదోది మా డ్రైవర్ బాబాయికి పుట్టుకతోనే వచ్చింది. రోగి ఉన్నా లేకపోయినా మాట్లాడుతూనే ఉండేవాడు.

నేను ఆ క్యాంపు గేటు దాటేనాటికి నా వయసు ఇరవై రెండు. నా కోపం వయసు అంతకంటే రెండేళ్లు ఎక్కువ. చదువు మధ్యలోనే ఆగిపోయింది. దొరికిన పుస్తకమల్లా చదివాను, దొరికిన ప్రతి పనీ మానేశాను. స్టోరు రూములో మనిషి కావాలంటే వచ్చాను. మేనేజరుగారు ఫైలు తెరిచారు.

"ఏం చదువుకున్నావు?"

"చాలా చదివానండీ."

"సర్టిఫికెట్లు?"

"పుస్తకాలు చదివితే సర్టిఫికెట్లు ఇవ్వరండీ."

"మేమూ ఉద్యోగాలు ఇవ్వం బాబూ." ఫైలు మూశారు.

నాకిది కొత్త కాదు. వెనక్కి తిరిగాను. గుమ్మంలో ఎవరో పెద్దాయన నిలబడి ఉన్నారు. నన్ను ఒక్క క్షణం చూసి, కళ్లజోడు తీసి, మడిచి, కిటికీ మీద పెట్టి, సరిగ్గా నా కాళ్ల ముందు కూలిపోయారు.

"ఎడమకాలు. వయసు తొమ్మిది. చాలా భయంగా ఉంది."

నాకు నిజంగానే భయం వేసింది. తొమ్మిదేళ్లేమిటో అర్థం కాలేదు. మేనేజరుగారి బల్ల మీది చెక్క స్కేలు లాక్కుని, నా మెడలో తువ్వాలు తీసి, కట్టు కట్టేశాను. మాస్టారు ఒక కన్ను తెరిచారు.

"ఇది ఏ కాలు?"

"...కుడికాలండీ."

"నేను చెప్పింది?"

"ఎడమకాలు."

మేనేజరుగారు నవ్వారు. "చూశారా సార్! మంచి కాలికి కట్టాడు."

మాస్టారు నేల మీదే పడుకుని అన్నారు: "కట్టాడా లేదా? నువ్వు ఫైలు పట్టుకుని నిలబడ్డావు. రేపట్నుంచి రమ్మను. ఆ స్కేలు మాత్రం తిరిగి తీసుకో."

అలా నాకు ఉద్యోగం వచ్చింది. కృతజ్ఞత మాత్రం రాలేదు. పిచ్చివాళ్ల కొలువులో పడ్డాను అనుకున్నాను. ఆ తర్వాత రెండేళ్లలో ఆయన్ని నలభై ఒక్కసార్లు మోశాను. ప్రతిసారీ గొణిగాను. "నువ్వు గొణుగుతున్నంతసేపూ రోగికి మనిషి పక్కనున్నాడని తెలుస్తుంది. ఐదో సూత్రం" అనేవారు స్ట్రెచర్ మీంచి. తిట్టినా పాఠమే అయితే ఇక మనిషి ఏం చేస్తాడు?

అప్పుడు మహమ్మారి వచ్చింది.

బళ్లు మూశారు. క్యాంపులో ఉన్న ఆఖరి బ్యాచి పిల్లలు మధ్యలోనే బస్సెక్కారు. రావలసిన పదకొండు బళ్లూ ఒక్క వారంలో రాలేమని చెప్పేశాయి. పిల్లలు లేని క్యాంపు, పెళ్లివారు వెళ్లిపోయిన విడిదిల్లులా బోసిపోయింది. ఎక్కడి గుడారాలు అక్కడే ఉన్నాయి. వాగు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు పారుతోంది.

క్యాంపు ఖర్చులు చూసే కమిటీ సమావేశం చెట్ల కింద, కుర్చీలు దూరదూరంగా వేసుకుని జరిగింది. ప్రెసిడెంటమ్మగారు మాస్కు సర్దుకుని మెల్లిగా చెప్పారు. "ఇంకో దారి లేదు మాస్టారూ. గేటుకి తాళం వేద్దాం. సిబ్బందిని పంపేద్దాం. మళ్లీ మంచి రోజులొస్తే చూద్దాం."

వంటక్క కొంగుతో మొహం తుడుచుకుంది. డ్రైవర్ బాబాయి జీవితంలో మొదటిసారి మాట్లాడలేదు. నేను మాత్రం, ఇంతే, లోకం ఎప్పుడూ ఇంతే అనుకుని, మనసులో సంచి సర్దుకోవడం మొదలుపెట్టాను.

మాస్టారు కళ్లజోడు తీశారు.

"వద్దండీ, ఇప్పుడు కాదు..." అన్నారు మేనేజరుగారు. ఎవరు వింటారు? కమిటీ మొత్తం మధ్యలో ధభీమన్నారు.

"ఈసారి ఏం విరిగింది?" అంది తాళ్లక్క నీరసంగా.

"నాకేం కాలేదు. పడింది క్యాంపు. వయసు పంతొమ్మిది. ఏం చేస్తావు?"

వంటక్క అలవాటు కొద్దీ అందుకుంది. "పరుగెత్తకూడదు."

"సెబాసు! అంటే ఇవాళే గేటు మూయకూడదు. తర్వాత?"

"ఊపిరుందా చూడాలి" అన్నాడు డ్రైవర్ బాబాయి. "ఉంది. మనం ఆరుగురం ఉన్నాంగా."

"రక్తం?"

మేనేజరుగారు గొంతు సవరించుకున్నారు. "ఊళ్లో మనం అద్దెకుంటున్న ఆఫీసు వదిలేయొచ్చు సార్. జీతాలు సగం చేసుకుంటే... ముందు నాదే చేయండి." ఆయన్నోట అలాంటి మాట వస్తుందని నేననుకోలేదు. ఫైలు కూడా అనుకుని ఉండదు.

"సంచిలో ఏముంది?"

ఈసారి అందరూ ఒకేసారి మాట్లాడారు. నలభై గుడారాలు. నూట ఇరవైమందికి వండే వంటిల్లు. ఒక బస్సు. రెండు గదుల నిండా తాళ్లు, దిక్సూచులు, భూతద్దాలు, కట్టుగుడ్డలు. మాస్టారు ఒక్కొక్క మాటకీ నేల మీదే తలూపారు. ఆ తర్వాత ప్రెసిడెంటమ్మగారి వైపు తల తిప్పి, "మూడు నెలలు ఇవ్వండమ్మా. అప్పటికీ లేవకపోతే మీరే తాళం వేయండి" అన్నారు.

"ముందు మీరు లేవండి" అన్నారావిడ.

"మోసేవాళ్లు రావాలి కదండీ."

మోశాం. ఆ బరువుతో పాటు మూడు నెలల గడువు కూడా మా భుజాల మీద పడింది.

ఆ సాయంత్రం నేను నిజంగానే సంచి సర్దుకున్నాను. సగం జీతంతో, రాని పిల్లల కోసం తాళ్లు చుడుతూ కూర్చోవడం ఎందుకు? అరవై దాటినవాళ్లు ఇల్లు కదలకూడదన్నారు కాబట్టి మాస్టారు కూడా ఊళ్లోని తన ఇంటికి వెళ్లిపోబోతున్నారు. వెళ్లే ముందు నా గది దగ్గరికొచ్చి, సంచి చూసి, గుమ్మంలోనే పడిపోయారు. నా గది గుమ్మం చాలా సన్నం. ఆయన్ని లాగడానికి నాకు అరగంట పట్టింది. లేచి, బట్టలు దులుపుకుని, "ఆ పెట్టెల్లోకి కాగితాలు కావాలి. పిల్లలు చదివి చేయాల్సినవి. రాసేది నువ్వే" అన్నారు.

"ఏ పెట్టెలు?"

"అదీ నువ్వే రాయాలి."

అంతవరకు నన్ను ఎవరూ ఏమీ రాయమనలేదు. ఆ రాత్రి కోపంగానే మొదలుపెట్టాను. తెల్లారేసరికి సంచిలోంచి బట్టలు ఎప్పుడు బయటికొచ్చాయో నాకే తెలియదు.

మా 'పెట్టె బడి' అలా పుట్టింది. పిల్లలు కొండకి రాలేకపోతే కొండే పెట్టెలో వెళ్తుంది. ఒక తాడుముక్క, భూతద్దం, దిక్సూచి, రెండు చెక్కబద్దలు, ఒక కట్టుగుడ్డ, గుప్పెడు విత్తనాలు, నా కాగితాలు. 'మీ మెట్లే కొండ. ఎక్కి వచ్చి గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో రాయి.' 'కిటికీలోంచి కనబడే ఒకే చెట్టుని ఇరవై రోజులు చూడు. అది నిన్ను చూస్తోందేమో కూడా చూడు.' గుడారాలు ఆస్పత్రి ఆవరణలో వరుసగా వేశాం, రోగుల తాలూకు మనుషులు ఎండలో పడిగాపులు పడకుండా. వంటక్క వాళ్లందరికీ వండింది. డ్రైవర్ బాబాయి ఆస్పత్రికి భోజనం దింపి, వస్తూ వస్తూ ఇంటింటికీ పెట్టెలు అందించేవాడు. గేటు అవతల నిలబడి పిల్లలతో గంటలు గంటలు మాట్లాడేవాడు. లోకమంతా నోరు మూసుకున్న రోజుల్లో ఆయనొక్కడికే మాట్లాడటం ఉద్యోగమైంది.

రోజూ పదకొండు గంటలకి మాస్టారు ఇంటి నుంచి వీడియోలో పాఠం చెప్పేవారు. పాఠమంటే ఏముంది, పడిపోవడమే. కళ్లజోడు తీసేవారు. స్క్రీన్ మీదినుంచి మనిషి మాయం. పైన ఫ్యాను ఒక్కటే తిరుగుతూ కనబడేది. కింద నుంచి గొంతు: "కుడి మోచెయ్యి. వయసు ఎనిమిది. మా నాన్నకి చెప్పొద్దు." అరవై ఇళ్లలోంచి అరవైమంది పిల్లలు ఒక్కసారిగా అరిచేవాళ్లు: "పరుగెత్తకండీ!"

నాలుగో రోజున కింది వాటా ఆవిడ పైకి వచ్చింది. తలుపు అవతల్నుంచి అడగడం మా అందరికీ వినిపించింది.

"ఏమండీ, రోజూ పదకొండింటికి మీ ఇంట్లో ఏం పడుతోంది?"

"నేనేనమ్మా."

"అయ్యో! రోజూనా? డాక్టరుకి చూపించుకోలేదా?"

"ఇంకా నలభై రోజులు పడాలమ్మా. పాఠాలు మిగిలాయి."

మర్నాడు ఆవిడ ఒక పరుపు పంపించింది. ఆయన ఆరోగ్యం కోసమో, తన సీలింగు ఆరోగ్యం కోసమో తెలియదు.

కట్టు పాఠం అయిన వారం నుంచి క్యాంపు ఫోను ఆగలేదు. అందరి ఇళ్లలోనూ పిల్లలకి రోగులు కావాలి. ఇల్లు కదలకుండా దొరికేది తాతలూ అమ్మమ్మలే. ఒక రోజు ప్రెసిడెంటమ్మగారు స్వయంగా ఫోన్ చేశారు.

"ఎవరయ్యా ఆ కాగితాలు రాసేది?"

"నేనేనండీ" అన్నాను.

"మా మనవడు మా ఆయన్ని మంచానికి కట్టేసి భోజనానికి వెళ్లిపోయాడు. రెండు గంటలు! 'రోగిని కదలనీయకు' అని రాశావుట. 'రోగితో మాట్లాడుతూ ఉండు' అని రాయలేదా?"

"అది తర్వాతి కాగితంలో ఉందండీ."

"తర్వాతి కాగితం తొందరగా పంపు. ఆయన ఆకలితో ఉన్నారు."

ఫోన్ పెట్టేస్తారనుకున్నాను. పెట్టలేదు. గొంతు మార్చి అన్నారు: "వాడు నెలన్నరగా గదిలోంచి బయటికి రాలేదు బాబూ. ఎవరితోనూ పలకలేదు. వాళ్ల తాతని కట్టేస్తూ పగలబడి నవ్వాడు. మా ఆయన కట్లు విప్పమని కూడా అడగలేదు."

నేను ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను. ఐదో సూత్రం తప్పాను.

ఇంకో ఇరవై రోజుల్లో గడువు ముగుస్తుందనగా, ఒక రోజు పొద్దున్న సిబ్బంది అందరం వీడియోలో కలిశాం. మాస్టారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. మేనేజరుగారు ఏదో చెప్పారు. మాస్టారు తలూపారు. తాళ్లక్క చెప్పింది. తలూపారు. కళ్లజోడు ముక్కు మీదే ఉంది. అరగంటలో సమావేశం అయిపోయింది.

ఫోన్లు పెట్టేశాక వంటక్క వంటింట్లోంచి పరుగున వచ్చింది. "తమ్ముడూ, మాస్టారు పడలేదు!"

"అయితే?"

"పంతొమ్మిదేళ్లలో ఆయన అరగంట సేపు కుర్చీలో కూర్చోవడం నేను చూళ్లేదు. మనిషికి బాగాలేదు. బస్సు తియ్యమను."

అంబులెన్సుకి ఫోన్ చేస్తే మూడు గంటలు పడుతుందన్నారు. ఆస్పత్రివాళ్లు ఇచ్చిన తెల్లకోట్లు తొడుక్కుని, మాస్కు మీద మాస్కు పెట్టుకుని, స్ట్రెచర్ బస్సులో వేసుకుని వెళ్లాం. ఆయన అదే కుర్చీలో ఉన్నారు. ఊపిరి ఈల వేసినట్టు వస్తోంది. జ్వరం. ఆయనుండేది రెండో అంతస్తు. సన్నటి మెట్లు, రెండు మలుపులు. ఇంకెవరికైనా తల ప్రాణం తోకకొచ్చేది. మాకు మాత్రం ఆ బరువు ఎక్కడ ఎంత ఉంటుందో కిలోల లెక్కన తెలుసు. తాళ్లక్క తల వైపు, నేను కాళ్ల వైపు, బాబాయి ముందు, వంటక్క వెనక. ఒక్క కుదుపు లేకుండా దింపాం. రెండో మలుపులో ఆయన కళ్లు తెరవకుండానే గొణిగారు: "తల పైకి... పైకి పట్టాలి."

నాకు ఏడుపు వచ్చేలా ఉంది. ఏదో ఒకటి మాట్లాడాలి. అలవాటైన ప్రశ్నే అడిగాను. "మాస్టారూ, వయసెంత?"

"అరవై ఒకటి" అన్నారు.

ఆయన నోట తన నిజం వయసు వినడం అదే మొదలు. డ్రైవర్ బాబాయి ఆ రోజు బస్సు నడిపినట్టు మళ్లీ ఎప్పుడూ నడపలేదు. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. ఏం మాట్లాడాడో అడిగితే ఇప్పటికీ చెప్పలేడు.

"ఒక పూట ఆలస్యమైతే కష్టమయ్యేది. ఎవరు గమనించారు?" అన్నారు డాక్టరుగారు.

"ఆయన పడలేదండీ, అందుకని..." అంది వంటక్క. డాక్టరుగారు ఆవిడకి కూడా జ్వరం చూశారు.

ఆ సాయంత్రం క్యాంపుకి తిరిగొచ్చి రిజిస్టరు తీశాను. మాస్టారు పడ్డ ప్రతిసారీ స్టోరు రూములోని 'ప్రమాదాల రిజిస్టరు'లో రాసి తీరాలి. ఎప్పుడూ ఆయనే రాసేవారు. ఆ రోజు ఆయన పడకపోయినా మోశాం, అది నేను రాయాలి కదా అని తెరిచాను. గడులు ఐదు: తేదీ, చోటు, గాయం, వచ్చినవాళ్లు. ఐదో గడి పేరు 'అసలు గాయం'. అది మాత్రం పెన్సిలుతో, చిన్న అక్షరాల్లో ఉంది. రెండేళ్లుగా ఆ పుస్తకాన్ని బీరువాలో పెడుతున్నవాణ్ని నేనే. దొరికిన పుస్తకమల్లా చదివానని చెప్పుకునే నేను, దీన్ని ఒక్కసారీ తెరవలేదు.

'వంటగది. కుడి భుజం. వంటక్క. అసలు గాయం: కూతురు పరీక్ష తప్పింది, పొద్దున్నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు.'

'బస్సు ముందు. ఎడమ చీలమండ. డ్రైవరు. అసలు గాయం: కంటి పరీక్షలో కళ్లజోడు రాశారు, ఇక పనికిరానని అనుకుంటున్నాడు.'

'బ్యాంకు. ముంజెయ్యి. తాళ్లక్క. అసలు గాయం: ఇంటికి అప్పు ఇవ్వలేమన్నారు. ఆడపిల్లకి కొండలెందుకని నవ్వారు.' అందుకన్నమాట, ఆ కౌంటరు ముందే, వాళ్లందరూ చూస్తుండగా, ఆవిడ చేత కట్టు కట్టించుకున్నది.

నా పేజీ కోసం వెతికాను.

'ఆఫీసు గుమ్మం. ఎడమకాలు. కొత్త అబ్బాయి. అసలు గాయం: ఎవరికీ అక్కర్లేనివాణ్ననుకుంటున్నాడు.' దాని కింద ఇంకో వరస: 'కట్టింది కుడికాలికి. ఫరవాలేదు.'

పంతొమ్మిదేళ్లు. వందల పడిపోవడాలు. మేము ఆయన్ని మోస్తున్నాం అనుకున్నాం.

గడువు తీరిన రోజున కమిటీ మళ్లీ చెట్ల కిందే కూర్చుంది. మాస్టారు ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చారు కానీ ఇంకా లేవలేదు. ప్రెసిడెంటమ్మగారు ఒక ఉత్తరాల కట్ట బల్ల మీద పెట్టారు. బళ్లు తెరవబోతున్నారు. గదుల్లో పిల్లల్ని కూర్చోబెట్టడానికి భయం, గాలి ఆడే చోటు కావాలి. ఏడు బళ్లవాళ్లు రాశారు: పెట్టె పంపినవాళ్లు మా పిల్లల్ని చెట్ల కింద కూర్చోబెట్టి పాఠాలు చెప్పనిస్తారా? చిన్న చిన్న జట్లుగా, రోజుకో తరగతి. ఆస్పత్రివాళ్లు గుడారాలు ఉతికి మరీ తిరిగిచ్చారు.

"తాళం తెచ్చారా అమ్మగారూ?" అన్నారు మేనేజరుగారు భయం భయంగా.

"తెచ్చాను." సంచిలోంచి తీసి ఆయన చేతిలో పెట్టారు. "మీ ఫైళ్ల బీరువాకి వేసుకోండి. గేటు తెరిచే ఉంటుంది."

పిల్లలు వచ్చారు. మాస్కుల్లోంచి కళ్లు మాత్రమే కనిపించే పిల్లలు, అయినా గోల మాత్రం ఎక్కడా తగ్గలేదు. ఇంకో నెలకి మాస్టారూ వచ్చారు. తొంభై ఆరు కిలోల మనిషి డెబ్భై నాలుగుకి దిగారు. ఆరు నెలలదాకా పడటానికి వీల్లేదని డాక్టరుగారు రాసిచ్చారు. అలాంటి చీటీ రాయడం తన వృత్తిలో మొదటిసారట. వరండాలో కుర్చీ వేశాం. అందరం ఎంతో ప్రేమగా "మీరు కూర్చోండి మాస్టారూ, మేం చూసుకుంటాం" అన్నాం. గుడారం వేస్తుంటే లేవబోయారు, "కూర్చోండి." తాడు ముడి తప్పు అన్నారు, "చూసుకుంటాం, కూర్చోండి." మూడో రోజుకి ఆయన చెప్పడం మానేశారు. కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎవరో మరిచిపోయిన గొడుగులా కూర్చున్నారు.

ఆ మొహం నాకు తెలుసు. అద్దంలో ఇరవై రెండేళ్లు చూశాను.

చేతిలో ఉన్న పుస్తకం వరండా గట్టు మీద జాగ్రత్తగా పెట్టాను. మెట్లెక్కాను. ఆయన కుర్చీ ముందు పడ్డాను. పడటం ఇంత నొప్పి అని నాకెవరూ చెప్పలేదు.

"కుడికాలు" అన్నాను కళ్లు మూసుకుని. "వయసు ఇరవై నాలుగు. రక్తం చాలా."

కుర్చీ కిర్రుమంది. అడుగుల చప్పుడు, పరుగు కాదు, నడకే. నా పక్కన మోకాళ్లు ఆనిన చప్పుడు. బద్దలు, కట్టుగుడ్డ. వేళ్లు నెమ్మదిగా కదిలాయి కానీ ముడి మాత్రం గట్టిగా బిగిసింది. పిల్లలందరూ చుట్టూ మూగారు. చాలాసేపటి తర్వాత ఒక కన్ను తెరిచాను.

"మాస్టారూ, అది ఎడమకాలు."

"కట్టానా లేదా?" అన్నారు. మీసాల కింద నవ్వు దాచుకోలేకపోతున్నారు. "ఒరేయ్ పిల్లలూ, వినండి. చూశారుగా, ఈ అన్నయ్యకి పడటం రాదు. మోచెయ్యి ముందు ఆనించాడు. నిజంగానే విరిగేది. ఎలా పడాలో నేను చెప్తాను... చెప్తానంతే, పడనులే" అన్నారు, గుమ్మంలోంచి కళ్లెర్రజేసిన వంటక్కని చూసి.

ఆ రోజంతా ఆయన కుర్చీ ఖాళీగానే ఉంది.

సాయంత్రం రిజిస్టరు రాద్దామని స్టోరు రూముకి వెళ్లాను. నాకంటే ముందే ఎవరో రాసేశారు. వరండా. కుడికాలు. వచ్చినవాళ్లు: మాస్టారు. ఐదో గడిలో పెన్సిలుతో, చిన్న అక్షరాల్లో:

'అసలు గాయం: నాది. పుస్తకం పక్కన పెట్టినప్పుడే తెలిసింది. అబ్బాయికి రేపట్నుంచి పడటం నేర్పాలి.'